సర్వస్వం ఎవరిది? అచ్చు సంపుటాల నుంచి ఆన్‌లైన్ దాకా

'సర్వస్వం' అనే మాటకు తెలుగు వాడుకలో అర్థం ఆస్తి. 'వరదలో సర్వస్వం పోయింది' అంటే ఇల్లు, పొలం, గొడ్డుగోద అన్నీ పోయాయని. విడగొట్టి చూసినా అంతే. సర్వ, స్వ: తనదైనదంతా. ఎన్‌సైక్లోపీడియాకు 'విజ్ఞాన సర్వస్వము' అని పేరు పెట్టిన పెద్దలకు ఈ ఆస్తి సంగతి తట్టిందో లేదో గాని, పేరు మాత్రం ఉన్నమాటే చెప్పింది. ఈ దేశంలో జ్ఞానం ఎవరి సొత్తు, దానికి ఎవరు కాపలా, ఎవరికి లోపలికి దారి అనేది కులమే తేల్చింది. కాబట్టి విజ్ఞాన సర్వస్వాలు అచ్చు నుంచి ఆన్‌లైన్‌కు మారిన కథను సాంకేతిక ప్రగతి కథగా మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. ఆ 'స్వ' ఎవరు అని అడుగుతూ చెప్పుకోవాలి.

ఇది పండితులకు వదిలేయాల్సిన ప్రశ్న కాదు. ఇవాళ పాతబస్తీలో ఒక డిగ్రీ విద్యార్థికి భాగ్యరెడ్డివర్మ ఎవరో తెలుసుకోవాలనిపిస్తే జేబులోంచి ఫోన్ తీస్తాడు. ముప్పయ్యేళ్ళ కింద అయితే నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డునున్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి పోవాల్సి వచ్చేది. 1891లో అసఫియా కుతుబ్‌ఖానాగా మొదలైన గ్రంథాలయం అది. ఇప్పుడున్న పెద్ద భవనంలోకి 1936లో వచ్చింది. అక్కడికి పోయినా విజ్ఞాన సర్వస్వాలు రిఫరెన్సు విభాగంలో ఉంటాయి, ఇంటికియ్యరు. పగలు కూలికో కొట్టుకో పోయే పిల్లలకు లైబ్రరీ వేళలు కుదరవు. అంటే పుస్తకం అందరిదీ అని రాసిపెట్టి ఉన్నా, దాన్ని తెరిచే తీరిక కొందరిదే. ఈ తేడా ఫోన్‌తో నిజంగానే చాలావరకు పోయింది. ఏది పోలేదో చూడటానికి కొంచెం వెనక్కు వెళ్దాం.

1906: ఒక ఊరు, రెండు మండలులు

తెలుగు విజ్ఞాన సర్వస్వాల చరిత్రను ఎవరు రాసినా కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877–1923)తో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సిందే, ఆయన శ్రమ చిన్నది కాదు. 1906లో ఆయన, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. చరిత్ర, సైన్సు, జీవితచరిత్రలు తెలుగులో చవకగా అందించాలన్నది ఉద్దేశం. మండలి వేసిన మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వం రద్దుచేసినవాడి కథతో తెలుగులో ఆధునిక విజ్ఞాన ప్రచురణ మొదలైందన్నమాట. అమెరికా బానిసత్వం గురించి చదివి కంటతడి పెట్టుకున్న పాఠకుల్లో ఎంతమంది తమ ఊరి వెట్టి గురించి ఆలోచించారో మనకు తెలిసే దారి లేదు. లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివాను. అదే మునగాల పరగణాలో 1930లలో జమీందారుకు వ్యతిరేకంగా, వెట్టికి వ్యతిరేకంగా రైతులు, కూలీలు లేచారు. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పుస్తకానికి కావలసిన తీరిక, కాగితం, చందాలు ఎక్కడినుంచి వచ్చాయో గుర్తుపెట్టుకోవడానికి చెబుతున్నాం.

సరిగ్గా అదే 1906లో, అదే హైదరాబాదులో, పద్దెనిమిదేళ్ళ మాదరి భాగయ్య జగన్మిత్ర మండలి పెట్టాడు. తర్వాత భాగ్యరెడ్డివర్మ (1888–1939)గా మనకు తెలిసినవాడు. ఈ మండలి పుస్తకాలు వేయలేదు. వేసినా చదివేవాళ్ళు లేరు, ఎందుకంటే చదువు అందనీయలేదు. అందుకని హరికథలు, కథలు చెప్పించింది. 1911లో అది మన్యసంఘం అయింది. ఇసామియా బజారు, లింగంపల్లి వంటిచోట్ల బడులు పెట్టారు. 1930లు వచ్చేసరికి ఆ బడులు ఇరవైఆరు దాకా పెరిగాయి. 1931లో ఆయన 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు, అందులోనే 'వెట్టి మాదిగ' రాశాడు.

రెండు మండలులూ జ్ఞానం పంచే పనే పెట్టుకున్నాయి. ఒకదానికి సంపుటాలు మిగిలాయి, గ్రంథాలయాల్లో బీరువాలు మిగిలాయి, పేరు మిగిలింది. రెండోదాని హరికథల్లో ఏముందో, ఎవరు చెప్పారో, వాడల్లో జనం ఏం ప్రశ్నలు అడిగారో అచ్చులోకి రాలేదు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్రను ఇంగ్లీషులో రెండు భాగాలుగా రాసిపెట్టకపోతే అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, జె. సుబ్బయ్యల పేర్లయినా మనకు ఈమాత్రం దక్కేవి కావు. ఆ పుస్తకమూ చాలాకాలం అచ్చులో లేదు. ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్ళీ తెచ్చింది. ఈ రెండు మండలుల మధ్య తేడాను గుర్తుంచుకోవాలి. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం దగ్గరకు వచ్చేసరికి అదే మళ్ళీ ఎదురవుతుంది.

లక్ష్మణరావు బ్రిటానికా నమూనాలో 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మొదలుపెట్టి 1910లలో మూడు సంపుటాలు తెచ్చారు. మూడూ 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయన పోవడంతో పని ఆగింది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు దాన్ని తిరిగి నిలబెట్టడానికి పూనుకున్నారు, 1938లో ఆయనా పోయారు. అకారాదిక్రమంలో పోయే గ్రంథానికి ఇదొక శాపం. 'అ' దగ్గర ఆగితే 'క' లోని కులానికి రాడు, 'మ' లోని మాల మాదిగలకు అసలే రాడు. మనుషులు పోతారు, డబ్బు అయిపోతుంది, అక్షరమాల మాత్రం వరసలో నిలబడి ఉంటుంది.

1947లో మద్రాసులో ఏర్పడ్డ తెలుగు భాషా సమితి ఈ చిక్కును వేరేవిధంగా విప్పింది. అక్షరక్రమం వదిలేసి విషయానికొక సంపుటం చొప్పున 1950ల నుంచి వేసుకుంటూ వచ్చింది. చరిత్రకొకటి, తెలుగు సంస్కృతికొకటి, సైన్సులకు వేరు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చాక ఆ పని అందులో కలిసింది. హైదరాబాదులోనే ఖండవల్లి లక్ష్మీరంజనం ప్రధాన సంపాదకత్వంలో 'సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశము' ఎనిమిది సంపుటాల్లో వచ్చి, అక్షరమాల చివరిదాకా పోయింది. ఈ సంపుటాలు దొరికినప్పుడు విద్యార్థులు ఒక పని చేయాలి. విషయం చదవడానికి ముందు, సంపాదకవర్గం పేర్లు, వ్యాసకర్తల పేర్లు, దాతల పేర్లు ఉన్న పేజీలు చదవాలి. ఇంటిపేర్లు, వెనక తోకలు చూస్తే చాలు. ఎవరు రాశారో తెలుస్తుంది, ఎవరిని ఎవరూ అడగలేదో కూడా తెలుస్తుంది.

పాతబస్తీ గురించి ఒక చిన్న పక్కమాట. అరబ్బీలో ఎన్‌సైక్లోపీడియాను 'దాయిరతుల్ మారిఫ్' అంటారు, అంటే జ్ఞానవలయం. ఆ పేరుతోనే హైదరాబాదులో 1888 నుంచి ఒక సంస్థ ఉంది. ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, జామియా నిజామియా స్థాపకుడు అన్వరుల్లా ఫారూఖీ దాన్ని మొదలుపెట్టారు. అది విజ్ఞాన సర్వస్వం రాయలేదు. ఎక్కడెక్కడో మూలుగుతున్న అరబ్బీ రాతప్రతులు తెప్పించి, సరిపోల్చి అచ్చువేసింది. అల్ రాజీ వైద్య విజ్ఞాన సర్వస్వం 'అల్ హావీ' ఇరవైమూడు సంపుటాలుగా ప్రపంచానికి అందింది ఇక్కడినుంచే. వెయ్యేళ్ళ కింద పర్షియాలో వైద్యుడు రాసుకున్నది హైదరాబాదులో అచ్చయింది. ఇదే ఊళ్ళో చర్మం ఊనే మనిషికి తెలిసినది మాత్రం ఏ భాషలోనూ అచ్చు కాలేదు.

మనం 'విషయం' అయిన సంపుటాలు

అయితే మన గురించి అచ్చులో ఏమీ లేదని కాదు. చాలానే ఉంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణభారత కులాలు తెగల గురించి ఏడు సంపుటాలు తెచ్చాడు. ఇంగ్లీషు అక్షరక్రమంలో కులాలకు ఎన్‌సైక్లోపీడియా అది. మాల, మాదిగ రెండూ నాలుగో సంపుటంలో ఉంటాయి. మనుషుల తలలు, ముక్కులు కొలిచి, కులాల మధ్య తేడా శరీరంలో ఉందని చూపబోయిన మనిషి థర్‌స్టన్. నిజాం రాజ్యానికి సయ్యద్ సిరాజుల్ హసన్ అటువంటిదే 1920లో తెచ్చాడు. ఈ పుస్తకాల్లో మనం మాట్లాడం, మనల్ని వర్ణిస్తారు. మేము ఏం తింటాం, ఎవరి ఇంట్లో తినం, పెళ్ళి ఎట్లా, చావు ఎట్లా అన్నీ ఉంటాయి. చెప్పింది ఎవరో, ఏ భయంతో చెప్పారో, ఊరి పటేలు పక్కన నిలబడి ఉన్నాడో లేదో ఉండదు.

పక్కన మహారాష్ట్రలో శ్రీధర్ వెంకటేశ్ కేత్కర్ 1920లలో మరాఠీ జ్ఞానకోశాన్ని ఇరవైమూడు సంపుటాల్లో పూర్తిచేశాడు. ఆయనే అంతకుముందు 1909లో కులచరిత్ర మీద పుస్తకం రాశాడు. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో అంబేద్కర్ కులం గురించి అంతవరకూ చెప్పినవాళ్ళ నిర్వచనాలను ఒక్కొక్కటే పరీక్షకు పెట్టాడు. అందులో కేత్కర్‌ది ఒకటి. ఇరవైఅయిదేళ్ళ విద్యార్థి, తన జనం గురించి ఇతరులు రాసిన నిర్వచనాన్ని కాగితం మీద పెట్టి సరిదిద్దాడు. విజ్ఞాన సర్వస్వం రాజకీయమంతా ఆ పనిలోనే ఉందని మేము అనుకుంటాం. ఒక జనం గురించి ఏం రాస్తారన్నది తర్వాతి సంగతి, ముందు ఏ పేరు కింద రాస్తారన్నది తేలాలి. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభ భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆది హిందూ అనే పేరు ఒప్పుకుంది. గ్రంథాల భాషలో చెప్పాలంటే అది శీర్షిక మార్పు. ఆ మార్పుకు పాతికేళ్ళ ఉద్యమం పట్టింది.

ఇక పని గురించి. ఫ్రాన్సులో దిదెరో సంపాదకత్వంలో 1751 నుంచి వచ్చిన ఎన్‌సైక్లోపీడియాలో పదకొండు సంపుటాలు ఒట్టి బొమ్మలే. అందులో తోలు ఊనడం, చెప్పులు కుట్టడం కూడా పనిముట్లతో సహా చెక్కి చూపించారు. రాజులకాలపు ఫ్రాన్సు సమసమాజం ఏమీ కాదు. అయినా చేతిపనిని జ్ఞానంగా లెక్కపెట్టాలన్న పట్టుదల ఆ గ్రంథానికి ఉంది. మన దగ్గర లందలో తోలు ఎన్ని రోజులు నానాలి, సున్నం ఎంత, వెంట్రుక ఎప్పుడు ఊడుతుంది, తంగేడు చెక్క ఏ పాకాన పడాలి, డప్పుకు ఏ తోలు, మోట బొక్కెనకు ఏ తోలు, చెప్పు అడుగుకు ఏది: ఇదంతా రసాయనశాస్త్రమే. వాసన చూసి, వేలితో నొక్కి చెప్పే రసాయనశాస్త్రం. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం శ్రమగౌరవం మీద రాసిన పుస్తకంలో ఈ ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని పాఠంగా పెట్టేదాకా, అది పాఠ్యాంశం అవుతుందని చాలామంది ఉపాధ్యాయులకు కూడా తోచలేదు.

అచ్చులో రానంత మాత్రాన మనకు విజ్ఞాన సర్వస్వం లేదా? ఉంది. మాదిగలకు డక్కలివారు ఉన్నారు. జాంబపురాణం పటం విప్పి, బొమ్మ బొమ్మకూ కథ చెబుతారు. వంశాలు, గోత్రాలు గుర్తుపెట్టుకుని అప్పజెబుతారు. కిన్నెర వాయిస్తారు. చిందువారు అదే పురాణాన్ని ఆడి చూపిస్తారు. లోకం ఎట్లా పుట్టింది, ఆదిజాంబవుడు ఎవరు, తోలుపని ఎట్లా వచ్చింది, బ్రాహ్మడితో వాదం ఎట్లా గెలిచాడు, అన్నీ అందులో ఉంటాయి. ఇది మనిషిలో ఉండే సంపుటం. ఏటేటా ఊరికి వస్తుంది, అడిగితే తెరుచుకుంటుంది. కాని ఇందులో కూడా ఆస్తి సంగతి ఉంది, దాచకూడదు. ఆ జ్ఞానం మోసే డక్కలివారిని మాదిగలు ఇంట్లోకి రానిచ్చేవారు కారు. వాడ బయటే విడిది, అక్కడే తిండి. తన చరిత్రను అప్పజెప్పేవాణ్ణి తానే అంటనివ్వని ఈ మెట్లవ్యవస్థ గురించి మాట్లాడకుండా మన మౌఖిక సంప్రదాయం గొప్పదని చెప్పుకోవడం సరికాదు.

తెర మీదికి

అచ్చు విజ్ఞాన సర్వస్వాలు ఎట్లా ముగిశాయో త్వరగా చెప్పుకుందాం. 1768లో ఎడిన్‌బరోలో మొదలైన బ్రిటానికా, ముప్పై రెండు సంపుటాల 2010 ముద్రణతో అచ్చు ఆపేస్తున్నట్టు 2012 మార్చిలో ప్రకటించింది. దానిని మొదట దెబ్బకొట్టింది సీడీలు. మైక్రోసాఫ్ట్ ఎన్‌కార్టా 1993లో వచ్చి 2009లో మూతపడింది. ఆ సీడీని మూసేసింది 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పరికరాలు, యూనికోడు అందుబాటులోకి రావడంతో పెరిగింది. ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. లక్ష్మణరావు 'అ' దగ్గర ఆగిపోయారు గదా, ఇక్కడ అక్షరక్రమం అడ్డే కాదు. 'మ' నుంచి మొదలుపెట్టొచ్చు, 'ళ' నుంచైనా మొదలుపెట్టొచ్చు.

ఇంత తెరిచిన తలుపు తెలుగు జ్ఞానచరిత్రలో ఎప్పుడూ లేదు, ఒప్పుకోవాలి. మరి లోపలికి పోయి చూస్తే ఏం కనిపిస్తుంది?

ఊళ్ళ పేజీలు చూడండి. తెలుగు వికీపీడియాలో రెండు రాష్ట్రాల ఊళ్ళ మీద వేలాది పేజీలున్నాయి. చాలావాటిలో సమాచారం 2011 జనాభా లెక్కల నుంచి ఒకే మూసలో పోసినది: ఇళ్ళెన్ని, జనమెంత, మగవాళ్ళు, ఆడవాళ్ళు, షెడ్యూల్డు కులాల సంఖ్య, షెడ్యూల్డు తెగల సంఖ్య. తర్వాత బడి ఎంత దూరం, ఆస్పత్రి ఎంత దూరం, సాగునీరు, పంటలు. ఈ లెక్కలు పనికొస్తాయి. జిల్లా కార్యకర్తలు దరఖాస్తు రాసుకునేటప్పుడు వాడుకోవాలి కూడా. కాని ఒక్కసారి మీ ఊరి పేజీ తెరవండి. గుడి గురించి, పుట్టిన ప్రముఖుల గురించి ఎవరో వాక్యాలు రాసి ఉంటారు. మాలపల్లె, మాదిగవాడ మాత్రం ఒక అంకెగా ఉంటుంది. వాడకు పేరుందా, బావి ఎప్పుడు తవ్వుకున్నారు, మొదట పదో తరగతి పాసైన ఆడపిల్ల ఎవరు, అంబేద్కర్ విగ్రహం ఎప్పుడు పెట్టారు, పెట్టినప్పుడు గొడవైందా? ఇది ఎవరో కుట్రచేసి తీసేసిన సంగతి కాదు. రాసేవాళ్ళు లేక రాలేదు. తెలుగు వికీలో క్రమం తప్పకుండా రాసేవాళ్ళు కొన్ని పదుల మంది మాత్రమే. తెలుగు మాట్లాడేవాళ్ళు ఎనిమిది కోట్ల మంది. ఆ కొన్ని పదుల మందికి ఉన్న తీరిక, కంప్యూటరు, కీబోర్డు అలవాటు కులం లేని ఆకాశం నుంచి రాలేదు.

2016 తర్వాత ఇంటర్నెట్ చవకై ఫోన్ ప్రతి ఇంటికీ వచ్చింది గదా అంటారు. నిజమే. కాని ఫోన్ చదవడానికి, చూడటానికి చేసిన వస్తువు. దానిమీద మూలాలు జతచేస్తూ రెండు పేజీల వ్యాసం రాయడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకే తెలుసు. అందుకని లైబ్రరీ గుమ్మం దగ్గరున్న తేడా పోలేదు, చదివే దగ్గరినుంచి రాసే దగ్గరికి జరిగింది.

రెండో అడ్డంకి నియమాల్లో ఉంది. వికీపీడియా మూడు నాలుగు సూత్రాల మీద నడుస్తుంది. తటస్థ దృక్కోణం ఉండాలి. సొంత పరిశోధన పెట్టకూడదు. చెప్పిన ప్రతిదానికి ముందే అచ్చైన నమ్మదగిన మూలం చూపించాలి. విషయానికి ప్రాముఖ్యత ఉందని ఇతరులు రాసినదాన్ని బట్టి తేలాలి. ఇవి చెడ్డ నియమాలు కావు. ఇవి లేకపోతే ప్రతి కులమూ తాము సూర్యవంశ క్షత్రియులమని రాసుకునేది. ఉన్నా రాస్తూనే ఉన్నారు. ఇంగ్లీషు వికీపీడియాలో దక్షిణాసియా కులాల పేజీల మీద ఈ తగాదాలు తట్టుకోలేక ప్రత్యేక ఆంక్షలే పెట్టుకున్నారు. కాని ఈ నియమాల నడక చూడండి. మూలం అంటే అచ్చు. అచ్చు అంటే వెనకటి నుంచి అచ్చు ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళది. 1906 నాటి రెండు మండలుల్లో ఒకదానికే మూలాలున్నాయి.

దర్శనం మొగిలయ్య ఉదాహరణ తీసుకోండి. పన్నెండు మెట్ల కిన్నెర తరతరాలుగా ఆ కుటుంబాల్లో ఉంది. 2021లో ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పుడు పత్రికలన్నీ రాశాయి. పత్రికలు రాస్తే మూలం ఉన్నట్టు, మూలం ఉంటే ప్రాముఖ్యత ఉన్నట్టు. సినిమావాళ్ళ కంటపడని మిగతా కిన్నెరకాళ్ళ సంగతి? నియమం ప్రకారం వాళ్ళకు ఇంకా ప్రాముఖ్యత లేదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. 2011లో అచల్ ప్రభల అనే పరిశోధకుడు, జనమే జ్ఞానం అనే అర్థం వచ్చే పేరుతో ఒక డాక్యుమెంటరీ తీశాడు. కేరళలో, హర్యానాలో, దక్షిణాఫ్రికాలో అచ్చులో లేని సంగతులను, తెలిసినవాళ్ళ మాట రికార్డుచేసి, దాన్నే మూలంగా వాడి వికీ వ్యాసాలు రాయవచ్చా అని పరీక్షించారు. దానిమీద పెద్ద వాదన నడిచింది, నియమం మాత్రం పెద్దగా కదలలేదు. 2015లో దళిత మహిళలు దళిత చరిత్ర మాసం మొదలుపెట్టి, అందులో భాగంగా కలిసికూర్చుని వికీ పేజీలు రాసే కార్యక్రమాలూ చేశారు. ఒక్కొక్కరు వెళ్ళి దిద్దితే వెనక్కి తిప్పేసే చోట గుంపుగా, మూలాలతో వెళ్తే నిలబడుతుందని వాళ్ళకు అర్థమైంది.

మూడోది ఎవరూ అంతగా పట్టించుకోని సంగతి. కాపీరైటు. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్ళకు పుస్తకం అందరిదీ అవుతుంది. థర్‌స్టన్ 1935లో పోయాడు, కాబట్టి ఆయన ఏడు సంపుటాలూ ఇంటర్నెట్‌లో ఉచితంగా, వెతుక్కోవడానికి వీలుగా ఉన్నాయి. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ కేంద్రంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కానుచేసిన వేల పాత తెలుగు పుస్తకాలూ ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా కొట్టి ఉండటంతో దొరకబుచ్చుకోవడం ఒక విద్య అనుకోండి, అయినా ఉన్నాయి. మరి 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత మనవాళ్ళు రాసినవి? 1994 తర్వాత దండోరా కరపత్రాలు? ఛత్తాబజారు ప్రెస్సుల్లో వెయ్యి కాపీలు కొట్టించి సభలో పంచిన చిన్న పుస్తకాలు? వాటి మీద కాపీరైటు ఇంకా ఉంది, కాపీలు మాత్రం లేవు. తీరా చూస్తే మనల్ని కొలిచినవాడి పుస్తకం ఉచితం, మనం రాసుకున్నది గల్లంతు. ఇంగ్లీషు వికీపీడియా సంపాదకుల్లో చాలామంది బ్రిటిష్‌కాలపు కులగ్రంథాలను నమ్మదగిన మూలాలుగా ఒప్పుకోరు, అది మంచిదే. కాని వెతికేవాడి ఫోన్‌కు ఆ సంగతి తెలియదు. 2022 చివరి నుంచి జనం వాడుతున్న కృత్రిమ మేధ యంత్రాలకూ తెలియదు. అవి ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికేదాన్ని మేసి, అడిగిన పిల్లవాడికి తీయని తెలుగులో అదే అప్పజెబుతాయి. మూలం ఏదో కూడా చాలాసార్లు చెప్పవు.

మరి ఏం చేయవచ్చు? మేము ఉపాధ్యాయులకు ముందు చెప్పేది రాయమని కాదు, చదవడం నేర్పమని. వికీపీడియా ప్రతి పేజీకి వెనక రెండు పేజీలుంటాయి: 'చర్చ', 'చరిత్ర'. చరిత్ర నొక్కితే ఆ వ్యాసంలో మొదటినుంచి ఎవరు ఏ రోజు ఏ వాక్యం పెట్టారు, ఎవరు తీశారు, ఏ కారణం చెప్పారు అన్నీ ఉంటాయి. పాత సంపుటాల సంపాదకుడి గదిలో ఏ వ్యాసం నుంచి ఏ పేరా కొట్టేశారో మనకు ఎన్నడూ తెలియదు. ఇక్కడ కొట్టివేత కూడా నిలిచి ఉంటుంది. అచ్చుకూ ఆన్‌లైన్‌కూ ఉన్న తేడాల్లో మాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. ఒక కులం పేజీ, ఒక ఊచకోత జరిగిన ఊరి పేజీ తీసుకుని, దాని చరిత్రను తరగతిలో వరసగా చదివిస్తే తటస్థత అనేది ఎట్లా తయారవుతుందో పిల్లలు కళ్ళారా చూస్తారు. అట్లాగే 'దారిమార్పు' అనే సదుపాయం ఉంది. ఒక పాత పేరుతో వెతికినవాణ్ణి ఆ జనం ఒప్పుకున్న పేరు మీదికి చేర్చేది. 1931లో జనగణన అధికారి దాకా పోవాల్సిన పని ఇప్పుడు చర్చ పేజీలో వాదించి చేయవచ్చు.

రాయాలనుకునేవాళ్ళు నియమాన్ని తిట్టుకుంటూ కూర్చోకుండా, ముందు మూలం తయారుచేసుకోవాలి. వాడ చరిత్రను ఊరి పెద్దవాళ్ళతో మాట్లాడి రాసి, ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఏ ఊరో స్పష్టంగా పెట్టి, పత్రికలోనో చిన్న పుస్తకంగానో అచ్చువేయాలి. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. పాత కరపత్రాలు, సావనీర్లు ఉన్నవాళ్ళు, హక్కుదారు ఒప్పుకుంటే స్వేచ్ఛా లైసెన్సు కింద వికీసోర్సులోకి ఎక్కించవచ్చు. స్కానుచేసిన తెలుగు పేజీని యంత్రమే అక్షరాలుగా మారుస్తుంది, తప్పులు దిద్దుకుంటే సరిపోతుంది. తాను సభ్యుడైన సంఘం గురించి తానే వ్యాసం రాయడం మాత్రం మానుకోవాలి. అది నిలవదు, అనుమానం కూడా తెస్తుంది. వేరే జిల్లా మిత్రులు మీ అచ్చు పుస్తకం చూసి రాస్తే నిలుస్తుంది. నెమ్మదైన పని, కాని అవుతుంది.

మౌఖిక సంపుటాల దగ్గర ఇంత తేలిగ్గా చెప్పలేం. డక్కలివారి కథనాన్ని రికార్డుచేసి వికీమీడియా కామన్స్‌లో పెడితే ప్రపంచమంతా వింటుంది. కాని అక్కడి లైసెన్సు ప్రకారం ఎవరైనా దాన్ని తీసుకోవచ్చు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. పేరు పెడితే చాలు, పైసా ఇవ్వక్కర్లేదు. మాదిగవాడలు ఇచ్చే కట్నం మీద బతికిన కుటుంబాలకు ఆ కథే పొలం, ఆ పటమే పట్టా. దాన్ని అందరిదీ చేయమని అడిగే ముందు లైసెన్సులో ఏముందో వాళ్ళ మాటల్లో వాళ్ళకు చెప్పాలి. ఏ భాగం పెట్టాలో, ఏ భాగం పెట్టకూడదో వాళ్ళే తేల్చాలి, రికార్డు ప్రతి వాళ్ళ దగ్గర ఉండాలి, చెప్పినవారి పేరు, ఊరు మొదటే పెట్టాలి, ఆ రోజు కూలి లెక్కగట్టి ఇవ్వాలి. అడగడానికి వెళ్ళేది మాదిగ విద్యార్థులే అయితే, వాళ్ళ తాతలు ఆ మనుషులను వాడ బయట కూర్చోబెట్టారన్న సంగతి ఎదుటివాళ్ళకు గుర్తుంటుంది. ఒప్పుకోకపోతే ఆ రికార్డరు సంచిలో పెట్టుకుని, కథ విని రావాలి.